టెక్నికల్ డైవింగ్ వైపు చూస్తున్న కొత్త డైవర్లకు: సామగ్రిలో సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

తొలి సర్టిఫికెట్ చేతికొచ్చి ఇరవై ముప్ఫై డైవ్‌లు పూర్తయ్యాక కొందరి మనసు లోతు మీదికి మళ్లుతుంది. మునిగిన ఓడలూ, నీటి గుహలూ కలలోకి వస్తాయి. అదే సమయంలో అద్దె సామగ్రితో చికాకులు మొదలవుతాయి. సొంతంగా కొనాలనుకుంటారు, ఎలాగూ కొంటున్నాం కదా అని టెక్నికల్ సామగ్రే కొనేద్దామనుకుంటారు. అక్కడే తొందరపడవద్దని నా మనవి. మిమ్మల్ని ఇప్పుడు ఇబ్బంది పెడుతున్నదేమిటో ముందు తెలుసుకోండి. సగం సందర్భాల్లో కొత్త వస్తువు అవసరమే ఉండదు.

వినోదం కోసం చేసే డైవింగ్‌కు గరిష్ఠ లోతు 40 మీటర్లు. అందులో ఏ క్షణంలోనైనా నేరుగా పైకి రావచ్చు. టెక్నికల్ డైవింగ్‌లో ఆ దారి ఉండదు. నెత్తిమీద రాతి కప్పో ఓడ ఉక్కు గోడో అడ్డుంటుంది, లేదంటే శరీరంలో కరిగిన వాయువు వెళ్లిపోయేదాకా అంచెలంచెలుగా ఆగుతూ పైకి రావాల్సి ఉంటుంది. ఏది చెడినా నీటి కిందే సరిచేసుకోవాలి. ఈ రెండు రకాల సామగ్రికీ ఉన్న తేడాలన్నీ ఈ ఒక్క విషయం నుంచే పుట్టాయి.

సమస్య: కదలకుండా ఉంటే కాళ్లు కిందికి వాలిపోతున్నాయి

దీని మీద ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే కొత్తవారు అనవసరంగా ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. లోతు తక్కువున్న చోట అడ్డంగా పడుకున్నట్టు నిలిచి, చేతులూ కాళ్లూ ఆడించకుండా అర నిమిషం ఉండండి. శరీరం ఎటు తిరుగుతోందో పక్కనున్నవారిని గమనించమనండి.

మొదట అనుమానించాల్సింది సీసం బరువులనే. నడుముకు అవసరానికి మించి కట్టుకుంటే, దాన్ని మోయడానికి జాకెట్‌లోకి (గాలి నింపి నీటిలో తేలడాన్ని సర్దుకునే తొడుగు, ఇలాంటి పరికరాన్ని బీసీడీ అంటారు) ఎక్కువ గాలి నింపాల్సి వస్తుంది. గాలి ఛాతీని పైకి లేపుతుంది, సీసం నడుమును కిందికి లాగుతుంది. ఇంకేముంది, మనిషి నిట్టనిలువుగా తయారవుతాడు. పరీక్ష ఇలా చేయాలి: డైవ్ చివర సిలిండర్‌లో 50 బార్ పీడనం మిగిలి ఉన్నప్పుడు, 3 నుంచి 5 మీటర్ల లోతులో, జాకెట్‌లోని గాలంతా వదిలేసి ప్రశాంతంగా శ్వాసిస్తూ నిలవగలగాలి. సులువుగా మునిగిపోతుంటే ఒక్కో కిలో తగ్గిస్తూ పోండి. 12 లీటర్ల సిలిండర్‌ను 200 బార్‌కు నింపితే 2400 లీటర్ల గాలి పడుతుంది, దాని బరువు దాదాపు 3 కిలోలు. డైవ్ మొదట్లో మీకు ఉండాల్సిన అదనపు బరువు సుమారుగా అంతే. నేను మొదటి సంవత్సరమంతా 4 కిలోలు ఎక్కువ మోశాను. తప్పు జాకెట్‌దేనని గట్టిగా నమ్మాను.

బరువు సరిపడ్డాక కూడా కాళ్లు వాలితే సిలిండర్‌ను కొన్ని సెంటీమీటర్లు తలవైపు జరపండి. అదీ చాలకపోతే నడుము మీది సీసంలో ఒకటి రెండు కిలోలు తీసి సిలిండర్ పైపట్టీకి కట్టండి. మెడ వంచి నేలను చూసే అలవాటుంటే మానుకోండి. చూపు ముందుకు నిలిస్తే వీపు దానంతటదే సర్దుకుంటుంది. వీటన్నిటి తర్వాతే బ్యాక్‌ప్లేట్ గురించి, అంటే సిలిండర్‌ను మోసే వీపు మీది లోహపు పలక గురించి ఆలోచించాలి. స్టీలు ప్లేటు బరువు రెండున్నర నుంచి మూడు కిలోలు. అది ఊపిరితిత్తుల వెనక కూర్చుంటుంది కాబట్టి నడుము మీద అంత సీసం తగ్గించవచ్చు. వెచ్చటి నీళ్లలో పలచటి సూట్‌తో డైవ్ చేసేవారికి అల్యూమినియం ప్లేటు చాలు.

సమస్య: జాకెట్ నింపితే ఛాతీ బిగుస్తోంది, నీళ్లలో పక్కకు దొర్లిపోతున్నాను

జాకెట్ తరహా బీసీడీలో గాలి పొట్ట చుట్టూ, పక్కటెముకల చుట్టూ చేరుతుంది. బిగుతుకు కారణం అదే. గాలి వీపు వెనక మాత్రమే ఉండే సంచిని వింగ్ అంటారు. దాన్ని ప్లేటుకు తగిలించి, ఒకే పొడవు పట్టీతో అల్లిన హార్నెస్ వేసుకుంటే ఛాతీ ఖాళీగా ఉంటుంది.

నేను అందరినీ ఆపే పొరపాటు ఒకటుంది. రేపు జంట సిలిండర్లు వాడతాం కదా అని ఈరోజే 25 కిలోలు మోసే పెద్ద వింగ్ కొంటారు. ఒంటి సిలిండర్‌కు అది చాలా వెడల్పు. రెండంచులూ పైకి ముడుచుకుని సిలిండర్‌ను చుట్టేస్తాయి, గాలి మడతల్లో చిక్కి బయటికి రాదు. నీటిలో నిలకడ జాకెట్‌తో ఉన్నదానికంటే అధ్వానమవుతుంది. వింగ్ మోయాల్సింది నిండు సిలిండర్‌లోని గాలి బరువునూ, లోతుకు వెళ్లేకొద్దీ వెట్‌సూట్ పోగొట్టుకునే తేలే శక్తినీ. 30 మీటర్ల లోతులో పీడనం 4 బార్లు. అక్కడ వెట్‌సూట్ రబ్బరైన నియోప్రీన్‌లోని బుడగలు నలిగి, దళసరి సూట్ తన తేలే శక్తిలో చాలా భాగం కోల్పోతుంది. అయినా ఒంటి సిలిండర్‌కు 12 నుంచి 18 కిలోలు మోసే వింగ్ సాధారణంగా సరిపోతుంది. ప్లేటు మీది రంధ్రాల దూరానికి ఒక ప్రమాణం ఉంది, 11 అంగుళాలు. అందువల్ల తర్వాత జంట సిలిండర్లకు మారినా ప్లేటూ హార్నెస్సూ అలాగే ఉంటాయి, వింగ్ మాత్రమే మారుతుంది.

భుజాలు నొప్పి పుడితే పట్టీలు మరీ బిగించారని అర్థం. భుజానికీ పట్టీకీ మధ్య అరచేయి సులువుగా దూరాలి. కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ ప్లేటును పట్టి ఉంచుతుంది కాబట్టి భుజాల మీద బిగింపు అక్కర్లేదు. చేయి వెనక్కి పెట్టి వాల్వును అందుకోలేకపోతున్నామనే ఫిర్యాదూ చాలావరకు ఈ సర్దుబాటుతోనే తీరిపోతుంది. జంట సిలిండర్లతో ఒక వైపు గాలి కారిపోతుంటే ఆ వాల్వును మీరే మూయాలి. ఆ అందుబాటును ఇప్పుడే అలవాటు చేసుకోండి.

సమస్య: సిలిండర్ దగ్గర బుస్సుమంటోంది, లోతులో ఊపిరి లాగడం కష్టమవుతోంది, దవడ నొప్పి

మూడూ రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) మీద వచ్చే ఫిర్యాదులే అయినా వాటి మూలాలు వేరు.

బుస్సుమనే శబ్దం ఓ-రింగ్‌ది. యోక్ తరహా బిగింపులో ఆ రబ్బరు వలయం సిలిండర్ వాల్వు ముఖం మీద ఉంటుంది. కప్పుకు గట్టిగా తగిలితే అది బయటికి జారే ప్రమాదం ఉంది. డిన్ తరహాలో వలయం రెగ్యులేటర్‌కే ఉండి, మరతో వాల్వు లోపలికి బిగుస్తుంది. కొత్తగా కొనేవారు డిన్ తీసుకోండి. యోక్ సిలిండర్లు మాత్రమే దొరికే చోటికి చిన్న అడాప్టర్ పట్టుకెళితే సరి. 300 బార్ డిన్ రెగ్యులేటర్ 232 బార్ వాల్వుకు బిగుస్తుంది. 232 బార్‌ది 300 బార్ వాల్వులో సరిగా బిగిసి కూర్చోదు. కాబట్టి 300 బార్‌దే మేలు.

40 మీటర్ల దగ్గర మీరు పీల్చే గాలి ఉపరితలం మీదికంటే 5 రెట్లు చిక్కన. బ్యాలెన్స్ చేయని చౌక ఫస్ట్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కు బిగించే భాగం), సిలిండర్ ఖాళీ అవుతున్నకొద్దీ మరింత బరువుగా ఊపిరినిస్తుంది. బ్యాలెన్స్‌డ్ ఫస్ట్ స్టేజ్ ఎంచుకుని, తయారీదారు చెప్పిన గడువుల్లో శిక్షణ పొందిన మెకానిక్‌తో సర్వీసు చేయించండి. ఒక మాట మరిచిపోవద్దు. మంచి రెగ్యులేటర్‌తో కూడా ఆయాసం వస్తుంటే మీరు ఎక్కువగా శ్రమపడుతున్నారు, శరీరంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోంది. అప్పుడు ఆగాలి, కదలకుండా ఊపిరి నిదానించుకోవాలి. 10 డిగ్రీలకంటే చల్లని నీళ్లలో గాలి ఆగకుండా కారిపోతుంటే లోపల మంచు కట్టిందని అనుమానించాలి. అలాంటి నీళ్లకు సీలు చేసిన డయాఫ్రం రకం కావాలి.

దవడ నొప్పికి కారణం హోస్ (గాలి గొట్టం) పొట్టిదై మౌత్‌పీస్‌ను పక్కకు లాగడం. టెక్నికల్ డైవర్లు వాడే 2.1 మీటర్ల పొడవాటి హోస్ ఈ నొప్పిని కూడా తీరుస్తుంది. అది కుడి నడుము మీదుగా దిగి, ఛాతీకి అడ్డంగా పైకి వచ్చి, మెడ వెనకనుంచి తిరిగి నోటికి చేరుతుంది. రెండో రెగ్యులేటర్ రబ్బరు దండతో గడ్డం కింద వేలాడుతుంది. ఇది గుహ డైవర్ల పద్ధతి. దీనికున్న హోగార్థియన్ అన్న పేరు గుహ డైవర్ విలియం హోగార్త్ మెయిన్ నుంచి వచ్చింది. ఇరుకు దారిలో ఇద్దరు పక్కపక్కన ఈదలేరు, ఒకరి వెనక ఒకరు రావాలి. అందుకే అంత పొడవు. గాలి అయిపోయిన మనిషికి మీ నోట్లో ఉన్న రెగ్యులేటర్‌నే ఇస్తారు, అది పనిచేస్తోందని అప్పటికే తెలుసు కాబట్టి. లోతులేని నీళ్లలో కూడా ఈ అమరిక ఇంతే అర్థవంతమైనది. నా దృష్టిలో కొత్త డైవర్ అన్నిటికంటే ముందు చేసుకోవాల్సిన మార్పు ఇదే.

సమస్య: నేను ఈదిన చోటల్లా బురద లేస్తోంది, వెనక్కి రాలేకపోతున్నాను

మెత్తని ఫిన్లూ, మధ్యలో చీలిక ఉన్న ఫిన్లూ వెనక్కి ఈదే కాలి ఆటకు సహకరించవు. పొట్టిగా, గట్టిగా, ఒకే పలకతో ఉండే రబ్బరు ఫిన్లు, వాటికి స్ప్రింగు పట్టీలు తీసుకోండి. మోకాళ్లు వంచి కప్పలా తన్నడం నేర్చుకుంటే బురద చాలావరకు లేవదు. అయితే ఈ ఫిన్లు బరువైనవి. పైన చెప్పిన కాళ్లు వాలే సమస్య తీరకముందే కొంటే అది ముదురుతుంది.

సమస్య: ఒక్క పొరపాటుకు డైవ్ కంప్యూటర్ మొరాయించింది

ఆగాల్సిన చోట ఆగకుండా వచ్చేస్తే చాలా వినోద కంప్యూటర్లు 24 లేదా 48 గంటలు లెక్కలు చెప్పడం మానేస్తాయి. ఒకే వాయువును ఎరిగిన యంత్రం డీకంప్రెషన్‌కు, అంటే అంచెలంచెలుగా ఆగుతూ పైకి రావడానికి పనికిరాదు. అక్కడ 21 మీటర్ల దగ్గర 50 శాతం ఆక్సిజన్ ఉన్న నైట్రాక్స్ మిశ్రమానికీ, 6 మీటర్ల దగ్గర స్వచ్ఛమైన ఆక్సిజన్‌కూ మారడం మామూలు. శరీరంలో కరిగిన వాయువును అంచనా వేసే బ్యూల్‌మన్ లెక్కతో, దాని జాగ్రత్త స్థాయిని సర్దే గ్రేడియంట్ ఫ్యాక్టర్లు మార్చుకోగలిగి, నాలుగైదు వాయువులు నమోదు చేయగలిగి, తాళం పడనిదాన్ని ఎంచుకోండి. కంప్యూటర్ ఒక్కటీ కాస్త ముందుచూపుతో కొంటే నష్టం లేదు.

సమస్య: కొన్నదంతా మార్చేయమని శిక్షకుడు చెబుతున్నారు

కారణం సూటిగా ఉంది. శిక్షకుడికంటే ముందు సామగ్రిని ఎంచుకున్నారు. ఒకరు వీపున జంట సిలిండర్లతో నేర్పుతారు, మరొకరు సిలిండర్లను రెండు పక్కలా తగిలించే సైడ్‌మౌంట్‌తో నేర్పుతారు. రెండింటి హార్నెస్ వేరు, వింగ్ వేరు. కాబట్టి జంట సిలిండర్లు, వాటిని కలిపే మ్యానిఫోల్డ్, అదనంగా తగిలించుకునే స్టేజ్ సిలిండర్లు, నడుముకు బ్యాటరీ తగిలించుకునే పెద్ద లైటు, వదిలిన ఊపిరిని శుద్ధిచేసి తిరిగి వాడే రీబ్రీదర్ ఏవీ శిక్షకుడు ఖాయం కాకముందు కొనవద్దు. నీళ్లు చల్లగా ఉంటే తప్ప నీరు చొరని డ్రైసూట్ కూడా ఆగవచ్చు. ఎవరి దగ్గర నేర్చుకుంటారో తేలాక, ఆయన జంట సిలిండర్లను అరువడిగి ఒక గంట ఈతకొలనులో గడపండి. మూడు వాల్వులూ (సిలిండర్లకు ఒక్కోటి, మ్యానిఫోల్డ్ మధ్యలో ఒకటి) మీ చేతికి అందితే మీకు సరిపోయే పట్టీల కొలతలు దొరికినట్టే. అవి రాసిపెట్టుకుని కొనడానికి వెళ్లండి.