గుండెలో రంధ్రం ఉన్న చంటిబిడ్డకు ఇంటి దగ్గర పరిచర్య

గుండె కింది గదుల మధ్య పెద్ద రంధ్రంతో పుట్టిన బిడ్డలో కొంత రక్తం ఎడమ గది నుంచి కుడి గదికి మళ్లి, అవసరానికి మించి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పుట్టినప్పుడు బాగానే కనిపించిన బిడ్డకు కొన్ని వారాల తరువాత ఆయాసం మొదలవడం ఈ జబ్బులో మామూలే. ఆపరేషన్ దాకా బిడ్డను నిలబెట్టుకోవడంలో మందులెంత ముఖ్యమో పాలు పట్టే తీరూ అంతే ముఖ్యం. ఆ వయసులో పాలు తాగడమే పెద్ద శ్రమ.

నాలుగు గుక్కలు తాగి ఆగిపోవడం, నుదుట చెమట పట్టడం, తాగుతూనే నిద్రలోకి జారి కాసేపటికే ఆకలితో ఏడవడం వంటివి గమనించండి. కడుపు నిండి పడుకుందని ఇంట్లో వాళ్లు సంతోషించే ఆ నిద్ర చాలాసార్లు అలసట వల్ల వచ్చిందే. అందుకే రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా, తల, వీపు ఎత్తుగా ఉండేలా ఒడిలో పట్టుకుని పాలివ్వాలి. ఒక్కో విడత అరగంట దాటనివ్వకూడదు, మధ్యలో ఆపి తేన్పు తెప్పించాలి. రొమ్ము పట్టి చీకలేనప్పుడు తల్లిపాలను పిండి, ఉగ్గుగిన్నెతో మెల్లగా పట్టవచ్చు. పడుకోబెట్టి పోస్తే పొలమారి పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఉగ్గుగిన్నెతో పట్టినా చాలకపోతే డాక్టర్లు పాలు పట్టడానికి ముక్కులోంచి కడుపులోకి సన్నని గొట్టం వేస్తారు. అది చూసి బెంబేలు పడనక్కరలేదు.

ఇలాంటి బిడ్డకు కిలో బరువుకు రోజుకు 120 నుంచి 150 కిలోకేలరీల దాకా అవసరం కావచ్చు. కాబట్టి అరగదేమోనని డబ్బాపాలలో నీళ్లు ఎక్కువ కలపడం తగదు. చిక్కదనం పెంచాలన్నా డాక్టరు చెప్పాల్సిందే. బరువును ఒకే త్రాసు మీద, ఒకే వేళకు, బట్టలు లేకుండా చూసి పుస్తకంలో రాయండి. మొదటి నెలల్లో ఆరోగ్యంగా ఉన్న బిడ్డ రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతుంది. అయితే ఒక్కసారిగా బరువు పెరిగి, కనురెప్పలు ఉబ్బి, మూత్రం తగ్గితే అది ఒంట్లో నీరు చేరడం కావచ్చు.

బిడ్డ నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకి జరిపి, ఛాతీ, పొట్ట కదలికలు చూస్తూ నిండుగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, లేదా అంతకంటే ఎక్కువ ఉంటే వేగంగా ఉన్నట్లే. రోజూ ఉండే లెక్క కంటే పెరిగినా డాక్టరుకు చెప్పాలి. డొక్కలు ఎగరేస్తూ, మూలుగుతూ, పాలు మానేస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఒంట్లో చేరిన నీటిని మూత్రంగా పంపే ఫ్యూరోసెమైడ్, గుండె గట్టిగా కొట్టుకునేలా చేసే డిగాక్సిన్ వంటి మందులను చెంచాతో కాక సిరంజితో, మిల్లీలీటర్లలో కొలవాలి. సీసాడు పాలలో కలిపితే, బిడ్డ సగం తాగి వదిలేసినప్పుడు మందు ఎంత లోపలికి వెళ్లిందో తెలియదు. బిడ్డ కక్కుకున్నా మళ్లీ వేయకుండా డాక్టరును అడగండి. ఒక పూట మరిచిపోతే తరువాతి పూట రెట్టింపు ఇవ్వవద్దు. డిగాక్సిన్ వాడుతున్న బిడ్డ పదేపదే కక్కుకోవడం, నాడి నెమ్మదించడం మోతాదు ఎక్కువైందనడానికి గుర్తులు కావచ్చు.

గుండెలో నాలుగు లోపాలు కలిసి పుట్టుకతో వచ్చే ‘టెట్రాలజీ ఆఫ్ ఫాలో’ అనే జబ్బు ఉన్న బిడ్డల సంగతి వేరు. పొద్దున్నే లేచాకో, గట్టిగా ఏడ్చాకో ఉన్నట్టుండి పెదవులు నల్లబడి, ఊపిరి లోతుగా, వేగంగా మారితే వెంటనే బిడ్డ మోకాళ్లను మడిచి ఛాతీకి ఆనించి పట్టుకుని, ఊరడిస్తూ, 108కు ఫోన్ చేయాలి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే వీరికి మరింత ముప్పు.

టీకాలు వేళకు వేయించాలి, జలుబు చేసినవారిని దగ్గరకు రానివ్వకూడదు. పళ్లు వచ్చాక శుభ్రంగా తోమాలి, ఎందుకంటే నోటి క్రిములు రక్తంలో కలిసి గుండె లోపలి పొరకు సోకగలవు. ఆపరేషన్ ఖర్చు విషయంలో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద అర్హతను ముందే విచారించుకోండి. ఛాతీ తెరిచి చేసిన ఆపరేషన్ తరువాత సుమారు ఆరు వారాలు బిడ్డను చంకల కింద పట్టి ఎత్తకుండా, ఒక చేయి తల, భుజాల కింద, మరో చేయి పిరుదుల కింద ఉంచి ఎత్తాలి.