0 దగ్గర ఆగిపోయిన థర్మామీటరు, కదలని అమ్మీటరు ముల్లు

తిరుపతిలో వేసవి సెలవుల్లో పదో తరగతి ప్రయోగాలు ఇంట్లోనే చేసి చూసుకునే పిల్లలకు మామూలుగా ఎదురయ్యే చిక్కులివి. పరికరం పాడైందని కొత్తది కొనే ముందు ఒకసారి చూసుకోండి.

సమస్య: ఐసు గిన్నె కింద మంట ఉన్నా అందులోని థర్మామీటరు 0 డిగ్రీలు దాటట్లేదు.

అది బాగానే ఉంది. మీరిచ్చే వేడంతా ఐసును నీళ్ళుగా మార్చడానికే ఖర్చవుతోంది. ఒక గ్రాము ఐసు కరగాలంటే 80 కేలరీలు కావాలి. అదే గ్రాము నీళ్ళను 0 నుంచి 80 డిగ్రీలకు కాచాలన్నా అంతే వేడి పడుతుంది. అందుకే ఐసు ఉన్నంతసేపూ పాదరసం పైకి లేవదు. కరగడానికి పట్టే ఈ వేడినే ద్రవీభవన గుప్తోష్ణం అంటారు.

3, 4 డిగ్రీలు చూపిస్తుంటే మాత్రం గడ్డలు పెద్దవైనా అయ్యుండాలి, బల్బు అడుగు నీళ్ళలోనైనా ఉండాలి. ఐసును గుడ్డలో చుట్టి దంచి, బల్బు చుట్టూ నింపి, పుల్లతో కలుపుతూ ఉండండి. 0 కన్నా తక్కువ చూపితే ఐసు ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిందో, ఉప్పు తగిలిందో చూడండి.

సమస్య: నీళ్ళు తెర్లుతున్నా 100 రాదు.

దాదాపు 300 మీటర్ల ఎత్తుకు మరుగు స్థానం ఒక డిగ్రీ తగ్గుతుంది. తిరుపతిలో 99.5 చుట్టూ వస్తే సరైనదే. కొండమీద తిరుమలలో అయితే 97 దగ్గరే మరుగుతాయి. 100 దాటితే బల్బు గిన్నె అడుగుకు ఆనుతోందేమో చూడండి. జ్వరం చూసే థర్మామీటరు మాత్రం వద్దు, 42 దాటితే పగిలిపోతుంది.

సమస్య: ఓమ్ నియమం ప్రయోగంలో అమ్మీటరు (కరెంటును కొలిచేది) ముల్లు కదలట్లేదు.

ఎక్కువసార్లు తప్పు తీగ కొసల్లోనే ఉంటుంది. మోటారు వైండింగ్ తీగ ఎర్రగా మెరుస్తుంది గానీ, దాని మీద కంటికి ఆనని పూత ఉంటుంది, కరెంటును పోనివ్వదు. కొసలు బ్లేడుతో గీకండి. ముల్లు వెనక్కి తంతే ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. అన్నీ సరిగ్గా ఉన్నా కదలకపోతే వోల్టుమీటరును శ్రేణిలో, అంటే కరెంటంతా దాని గుండానే పోయేలా, కలిపారేమో చూడండి. దాని నిరోధం ఎక్కువ, ప్రవాహాన్ని దాదాపు ఆపేస్తుంది. అది సమాంతరంగానే, అంటే కొలిచే తీగ రెండు కొసల మధ్యే, ఉండాలి.

ముల్లు కొంచెమే కదిలిందా? 1000 వాట్ల హీటరు కాయిల్ మొత్తం పెట్టి ఉంటారు. దాని నిరోధం సుమారు 53 ఓములు. 3 వోల్టుల బ్యాటరీతో 0.06 ఆంపియరు కూడా రాదు. అందులో పదోవంతు ముక్క కోసి పెట్టండి, అర ఆంపియరు చుట్టూ వస్తుంది. సెల్స్‌తోనే చేయాలి, ఇంటి ప్లగ్గుతో వద్దు.

సమస్య: V/I (వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే వచ్చే నిరోధం) విలువ ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది.

టార్చి బల్బు పెట్టారా? ఫిలమెంటు వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది, విలువ మారకుండా ఉండదు. హీటరు కాయిల్‌లో ఉండే నిక్రోమ్ తీగ వాడండి. అప్పుడు కూడా మారుతుంటే రీడింగ్ తీసుకున్న వెంటనే ప్లగ్ కీ (సర్క్యూట్లోని స్విచ్చు) తీసేసి, తీగను చల్లారనివ్వండి.