"ప్రార్థన చేస్తా" అన్న మాట రోజూ ఎలా నిలబెట్టుకోవాలి?

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర మనం ఎక్కువగా అనే మాట "తప్పకుండా మీ కోసం ప్రార్థన చేస్తా" అని. మనసారా అంటాం, అబద్ధం కాదు, కానీ బండి తీసి మెయిన్ రోడ్డు ఎక్కేసరికి సగం మర్చిపోతాం, బుధవారానికి మొత్తం పోతుంది, మళ్లీ వాళ్లు ఎదురైతే "చేస్తూనే ఉన్నాం" అనేస్తాం. ఇది చూసీ చూసీ బాధేసి రాస్తున్నా. సమూయేలు ప్రవక్త, మీ కోసం ప్రార్థన మానేస్తే అది దేవునికి విరోధంగా నేను చేసే పాపం అవుతుందని ప్రజలతో అన్నాడు (1 సమూయేలు 12:23). అంత పెద్ద మాట ఇది.

కావాల్సింది ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను, అంతే. ఫోన్‌లో రాయొద్దు, ఫోన్ తీస్తే ముందు వాట్సాప్ చూస్తారు. బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్ కూడా తన ప్రార్థనలు తేదీలతో సహా రాసి పెట్టుకున్నాడు.

ఎవరైనా అడగ్గానే అక్కడే నిలబడి ఒక్క నిమిషం ప్రార్థన చేసేయండి. తర్వాత పేరు, తేదీ, విషయం రాయండి. "ఆరోగ్యం" అని కాదు, "మంగళవారం స్కాన్ రిపోర్ట్" అని రాయాలి. ఒకేసారి ఏడు పేర్లకి మించొద్దు. టైం పొద్దున్నే, టీ కంటే ముందు. రాత్రి చేస్తామనేవాళ్లు నిద్రపోతారు, నేను చాలామందిని చూశా. ఒకరోజు తప్పితే నిన్నటిది కూడా కలిపి చేద్దామని లెక్కలేయొద్దు, దేవుని వాత్సల్యం ప్రతి ఉదయం కొత్తదే, ఈరోజుది చేయండి చాలు.

ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. పాడయ్యేది దీని తర్వాతే.

ఒక పేరుని నాలుగైదు రోజులు దేవుని ముందు పెడితే వాళ్ల కోసం మనం చేయగలిగిన పని ఒకటి గుర్తొస్తుంది. చాలామంది అక్కడే "దేవుడే చూసుకుంటాడులే" అని ఆమెన్ చెప్పి లేచిపోతారు. బట్టల్లేనోళ్లకి, తిండిలేనోళ్లకి ఏమీ ఇవ్వకుండా వెచ్చగా ఉండండి, కడుపునిండా తినండి అంటే ఏం లాభం అని యాకోబు 2:15, 16లో అడిగింది మనల్నే. గుర్తొచ్చిన పని ఆరోజు పడుకునేలోపు చేయాలి, రేపు అనుకుంటే అది అయిపోయినట్టే.

మా సంఘంలో ఒక చెల్లి వాళ్లాయన గాంధీ హాస్పిటల్లో ఉన్నప్పుడు నాలుగు రోజులు ప్రార్థన చేశా, ఐదో రోజు పొద్దున తను ఎక్కడ పడుకుంటుందో అన్న ఆలోచన వచ్చింది. చాప, దుప్పటి, ఫ్లాస్కులో పాలు తీసుకుని ఉప్పల్లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో మారి గాంధీ హాస్పిటల్ స్టేషన్‌లో దిగా. "అక్కా, నువ్వు కూర్చుంటే ఒక గంట పడుకుంటా" అంది. కూర్చున్నా. తను మూడు గంటలు నిద్రపోయింది.

జాగ్రత్తలు చాలా ఉన్నాయి. "ఏమన్నా కావాలంటే చెప్పండి" అనొద్దు, ఎవరూ చెప్పరు, "రాత్రికి చపాతీలు తెస్తున్నా" అనండి. వెళ్లి వాక్యం బోధించొద్దు. బైబిల్లో పిల్లల్ని, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే అతన్ని గాయపరిచారు. డబ్బు ఇస్తే తిరిగి అడగకుండా ఉండగలిగినంతే ఇవ్వండి. స్టేటస్‌లో ఫోటో అస్సలు వద్దు, కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియొద్దు అన్నాడు ప్రభువు.

అన్నిటికంటే ముఖ్యం, వాళ్లు మీకు చెప్పింది వాళ్లని అడగకుండా ప్రేయర్ మీటింగ్‌లో చెప్పొద్దు. ఒక అమ్మాయి విడాకుల విషయం "భారంతో ప్రార్థించండి" అంటూ నలుగురికి పాకి తను చర్చికే రావడం మానేసింది. అందుకే వందమంది ఉన్న గ్రూపులో వంద చేతులు జోడించిన బొమ్మలకంటే నోట్‌బుక్‌లో ఒక్క పేరు మేలంటాను.

జవాబొచ్చిన పేరు పక్కన తేదీ వేసి, వాళ్లకి ఫోన్ చేసి ఇద్దరూ కలిసి దేవునికి స్తోత్రం చెప్పండి, అప్పుడే ఆ చోటు కొత్త పేరుకివ్వండి. ఎవరి కోసం అడిగారో ఆ మనిషి చనిపోతే మాత్రం పేజీ తిప్పేయొద్దు, ఆ పేరు కిందే ఇంట్లోవాళ్ల పేర్లు రాయండి. జ్ఞాపకార్థ కూడిక దాకా అందరూ వస్తారు, తర్వాతి నెల నుంచి వాళ్లింటికి ఎవరూ వెళ్లరు.