సిగ్వెన్సా కోటల దారిలో సైకిలా? ముందు వాన సంగతి చూసుకోండి

స్పెయిన్‌లో మాడ్రిడ్ నుంచి రైల్లో సిగ్వెన్సా వెళ్లి, గ్రావెల్ సైకిల్ (మట్టి, కంకర దారులకు పనికొచ్చే లావు టైర్ల సైకిల్) మీద పాలాసువేలోస్ గోడలు, ఇమోన్ ఉప్పుమడులు, గుట్టమీది రిబా దె సాంతియూస్తె కోట చుట్టి రావాలనుకునేవాళ్లకి ఒక మాట. ముందురోజు గట్టి వాన పడితే మట్టిదారి వదిలేసి తారురోడ్డు ఎక్కండి. అక్కడిది ఎర్ర బంకమట్టి. మన నల్లరేగడిలో సైకిల్ తోసినవాళ్లకి చెప్పక్కర్లేదు. టైరుకీ ఫ్రేముకీ మధ్య ముద్దగా పేరుకుని చక్రం బిగుసుకుపోతుంది. అప్పుడు మొండిగా తొక్కారో, వెనక డిరైలర్ (గేర్లు మార్చే భాగం) విరిగి కూర్చుంటుంది. దిగి, పుల్లతో గీకేసి, కాసేపు సైకిల్ని ఎత్తుకుని నడవడమే. నేను ఒక చిన్న చెక్కముక్క బ్యాగులోనే పెట్టుకుంటా.

పొడి రోజైతే 40 మి.మీ. వెడల్పు టైర్లు హాయి.

నీళ్లు మాత్రం సిగ్వెన్సాలోనే నింపుకోండి. దారిలో అన్నీ చిన్న ఊళ్లు, మధ్యాహ్నం పిట్ట కూడా కనబడదు. ఊరి కుళాయి దగ్గర ‘నో పొతాబ్లె’ అని రాసుంటే అవి తాగే నీళ్లు కావు. తిరిగొచ్చాక సిగ్వెన్సా కోటలోకి వెళ్లండి, అదిప్పుడు పరడోర్, అంటే పాత కోటల్లాంటి కట్టడాల్లో నడిపే స్పెయిన్ ప్రభుత్వ హోటల్. బురద బూట్లు మాత్రం బయట దులుపుకోండి బాబూ!