డిజిటల్ ఫిల్టర్లు – 4వ పాఠం: వైట్ నాయిస్‌తో పరీక్ష

గత పాఠంలో రాసుకున్న ఫిల్టర్ ఇదీ: కొత్త అవుట్‌పుట్ = 0.9 × పాత అవుట్‌పుట్ + 0.1 × ఇన్‌పుట్. సైన్ వేవ్ ఇస్తే ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గరే దాని తీరు తెలుస్తుంది. వైట్ నాయిస్‌లో అన్ని ఫ్రీక్వెన్సీలూ సమాన బలంతో ఉంటాయి కాబట్టి, ఒక్కసారి నడిపితే ఫిల్టర్ మొత్తం బయటపడుతుంది.

పైథాన్‌లో నంపై లైబ్రరీతో సగటు 0, వేరియన్స్ (సగటు నుంచి తేడాల వర్గాల సగటు) 1 ఉండే గాసియన్ (గంట ఆకారపు పంపిణీ ఉన్న) నాయిస్ 10,000 శాంపిళ్లు (వరుసగా వచ్చే విలువలు) తీసుకోండి. సీడ్ (యాదృచ్ఛిక సంఖ్యల వరుసను మొదలుపెట్టే సంఖ్య) తప్పకుండా ఇవ్వండి. లేకపోతే ఈ రోజు కనబడిన తప్పు రేపు మళ్లీ దొరకదు. 0 నుంచి 1 వరకు వచ్చే యూనిఫాం (అన్నీ సమాన అవకాశంతో వచ్చే) సంఖ్యలే వాడాలనుకుంటే 0.5 తీసేసి, 3.4641తో గుణించాలి, ఎందుకంటే వాటి వేరియన్స్ 1/12 మాత్రమే. 0.5 తీయడం చాలామంది మరిచిపోతారు. ఈ ఫిల్టర్ సగటును యథాతథంగా వదిలేస్తుంది కనుక అప్పుడు అవుట్‌పుట్ సున్నా చుట్టూ కాక, 1.732 (అంటే 0.5 × 3.4641) చుట్టూ తిరుగుతుంది.

నడిపే ముందే జవాబు కాగితం మీద వేసుకోండి. ఒకే ఒక్క 1 ఇచ్చి తర్వాత అన్నీ సున్నాలు ఇస్తే ఫిల్టర్ నుంచి 0.1, 0.09, 0.081... వస్తాయి. వీటి వర్గాల మొత్తమే అవుట్‌పుట్ వేరియన్స్: 0.01 / (1 − 0.81) = 0.0526.

ఇప్పుడు నడిపి, మొదటి 100 శాంపిళ్లు పారేయండి. ఫిల్టర్ సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి మొదట్లో అవుట్‌పుట్ ఉండాల్సిన దానికన్నా చిన్నగా ఉంటుంది. 0.9ని 100 సార్లు గుణిస్తే 0.00003 దగ్గరికి వస్తుంది, అంటే ఆరంభపు ప్రభావం పోయినట్టే. మిగిలినవాటి వేరియన్స్ సరిగ్గా 0.0526 రాదు, 0.048 నుంచి 0.057 మధ్య వస్తే కంగారు పడకండి. పక్కపక్క శాంపిళ్లు ఒకదానినొకటి పోలి ఉంటాయి కనుక ఈ 10,000 నిజానికి దాదాపు 1,050 స్వతంత్ర శాంపిళ్లతో సమానం. పది లక్షల శాంపిళ్లు తీసుకుంటే ఆ తేడా పదో వంతుకు తగ్గుతుంది.

ఈ పాఠంలో అసలు జాగ్రత్త పడాల్సిన చోటు ఇక్కడుంది. సైపై లైబ్రరీలోని ఎల్‌ఫిల్టర్ (lfilter) ఫంక్షన్‌కు ఫీడ్‌బ్యాక్ గుణకాలు (అవుట్‌పుట్‌లను గుణించే సంఖ్యలు) 1, −0.9 అని ఇవ్వాలి. అది పాత అవుట్‌పుట్‌లను సమీకరణంలో ఎడమవైపు ఉంచుతుంది కాబట్టి గుర్తు మారుతుంది. పొరపాటున 1, 0.9 ఇచ్చారనుకోండి. లో పాస్ (నెమ్మది మార్పులను పోనిచ్చేది) కాస్తా హై పాస్ (వేగమైన మార్పులను పోనిచ్చేది) అయిపోతుంది. అయినా వేరియన్స్ మాత్రం అదే 0.0526! గుర్తు మారినా వర్గాలు మారవు కదా. వేరియన్స్ ఒక్కటే చూసి పరీక్ష నెగ్గిందనుకుంటే పూర్తిగా తలకిందులైన ఫిల్టర్ చేతిలో మిగులుతుంది.

అందుకే రెండో కొలత కావాలి. ప్రతి అవుట్‌పుట్ శాంపిల్‌నూ దాని పక్కదానితో గుణించి, సగటు తీసి, వేరియన్స్‌తో భాగించండి. సరైన ఫిల్టర్‌కు 0.9 దరిదాపుల్లో, గుర్తు తప్పితే −0.9 దరిదాపుల్లో వస్తుంది. రెండు శాంపిళ్ల దూరంలో ఉన్నదానితో చేస్తే రెండింటికీ 0.81 వస్తుంది కాబట్టి ఒక శాంపిల్ దూరమే ఇక్కడ పనికొచ్చే కొలత.

అభ్యాసం: 0.9 బదులు 0.99, 0.1 బదులు 0.01 పెట్టండి. వేరియన్స్ 0.005 దగ్గర రావాలి. ఇక్కడ 100 శాంపిళ్లు పారేస్తే చాలదు, 1,000 పారేయాలి.