ప్లాంట్‌లో ఇన్సిడెంట్ జరిగితే ఎంక్వైరీ ఎలా చేయాలి

ఇన్సిడెంట్ జరగ్గానే చాలా చోట్ల మొదటి ప్రశ్న డ్యూటీలో ఎవడున్నాడు అనే, సాయంత్రానికి ఆపరేటర్‌కి మెమో, మర్నాడు అందరికీ గంట ట్రైనింగ్, ఫైల్ క్లోజ్. ఇంకో షిఫ్ట్‌లో ఇంకొకడు మళ్ళీ అదే పని చేస్తాడు.

ముందు స్పాట్‌కి వెళ్ళండి, ఏదీ కడగనివ్వకండి, ఫోటోలు తీసి లాగ్‌బుక్ పేజీలు భద్రంగా తీసిపెట్టండి. ఆపరేటర్‌ని ఆఫీసుకి పిలిపించకుండా మీరే అతని దగ్గరికి వెళ్ళి మాట్లాడండి. ఎందుకలా చేశావ్ అంటే సంజాయిషీయే వస్తుంది, రోజూ ఎలా చేస్తారో ఓసారి చూపించు అంటే మాత్రం అసలు సంగతి బయటపడుతుంది, ఉదాహరణకి రెండు వాల్వులు పక్కపక్కనే ఉన్నాయి, ట్యాగ్ మీద పెయింట్ పడి నంబర్ కనబడట్లేదు, రాత్రి అక్కడ లైట్ వెలగట్లేదు. కాంట్రాక్ట్ కుర్రాళ్ళతో సూపర్‌వైజర్ లేనప్పుడు విడిగా మాట్లాడాలి, పని పోతుందని భయం కదా వాళ్ళకి.

ఆ రోజు దగ్గరే ఆగిపోకుండా నెలల వెనక్కి వెళ్ళండి, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరిన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే కెమికల్) లీకై 12 మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రిపోర్ట్ చూస్తే ఆ తెల్లవారుజాము కథ ఎప్పుడో మొదలైంది: 2019 డిసెంబర్‌లో ట్యాంక్ పైపింగ్ మార్చారు, టెంపరేచర్ కొలిచేది అడుగు భాగంలోనే, చల్లబరిచే సిస్టమ్ సాయంత్రం 5కి ఆపేసేవాళ్ళు, స్టైరిన్ ట్యాంకులోనే గట్టిపడి పాలిమర్ అవ్వకుండా కలిపే కెమికల్ స్టాక్ లేదు. ఏప్రిల్ చివర్లోనే పాలిమర్ శాతం పెరిగినా దాన్ని క్వాలిటీ సమస్యలాగే చూశారు, సేఫ్టీ సంగతి అనుకోలేదు. సైరన్ ఉండి కూడా మోగించలేదు. సైరన్ తప్ప వీటిలో ఏ ఒక్కటీ నైట్ షిఫ్ట్ ఆపరేటర్ చేతిలో ఉన్నది కాదు!

మీ దగ్గర కూడా ఇవే అడగండి, ఈ మార్పు ఎవరు ఓకే చేశారు, స్పేర్ పార్ట్ కావాలని పెట్టిన ఇండెంట్ ఎవరి టేబుల్ మీద ఆగింది, ల్యాబ్ రీడింగ్ తేడా వస్తే ప్రొడక్షన్ వాళ్ళకి ఎవరు ఫోన్ చేయాలి. మేనేజర్ల పేర్లు వస్తాయని రిపోర్ట్‌లో మెత్తగా రాయొద్దు.

యాక్షన్ల దగ్గర "జాగ్రత్తగా ఉండాలని సూచించాం" అని రాస్తే అది యాక్షనే కాదు, ఏం మారుస్తారు, ఎవరు, ఏ తేదీకి అన్నది రాయండి. మూడు నెలల తర్వాత ఎవరికీ చెప్పకుండా నైట్ షిఫ్ట్‌లో వెళ్ళి చూడండి, ఆ లైట్ వెలుగుతోందా, కొత్త ట్యాగ్ ఉందా అని. దెబ్బ తగలకుండా తప్పిపోయిన నియర్ మిస్‌లకి కూడా ఇదే పద్ధతి, చెప్పినవాడికి వారంలోపు ఏం చేశారో తిరిగి చెప్పండి, లేకపోతే రెండోసారి ఎవరూ మీ దగ్గరికి రారు.