సంక్రాంతి టికెట్ కొన్న రోజే లీవు కూడా పెట్టేయండి

సంక్రాంతికి ఊరెళ్ళే రైలు టికెట్ కోసం 60 రోజుల ముందే, నవంబర్ మధ్యలో, పొద్దున ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చుంటాం. లీవు మాత్రం పండగ వారం ముందు మేనేజర్ మూడ్ చూసి నోటిమాటగా అడుగుతాం, ఆయన "ఈసారి కష్టం" అనగానే ఊరుకుంటాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే ఊరుకున్నాను. తర్వాత రూల్స్ చదివితే తెలిసింది, నోటితో అడిగిన లీవుకు ఎక్కడా లెక్క లేదు, రాసి అడిగిన లీవుకు ఉంది. కాబట్టి టికెట్ బుక్ అయిన పూటే ఆఫీసు పోర్టల్లో లీవుకి అప్లై చేయండి, పోర్టల్ లేకపోతే మెయిల్ పెట్టండి, అదీ లేని చోట కాగితం మీద రాసిచ్చి ఫోటో తీసి దగ్గర పెట్టుకోండి.

షాపులో, ఆఫీసులో, ఐటీ కంపెనీలో చేసేవాళ్ళకి రెండు రాష్ట్రాల్లోనూ 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టమే ఆధారం. ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే ఆ తర్వాతి ఏడాదికి 15 రోజులు జీతంతో సెలవు, అవి 60 దాకా పోగు చేసుకోవచ్చు. ఇవి కాక ఒంట్లో బాగోకపోతే 12, క్యాజువల్ 12. ఐటీ వాళ్ళకి మినహాయింపులు ఇచ్చింది పనివేళల లాంటి వాటిలో, ఈ లీవుల సెక్షన్‌లో కాదు. ఇదే చట్టంలో ఇంకో మాట ఉంది: మీరు లీవుకి అప్లై చేసి, వాళ్ళు ఇవ్వకపోతే, ఆ లీవు వాడుకోకుండానే ఉద్యోగం మానేస్తే ఆ రోజుల డబ్బులు ఇవ్వాలి. అప్లై చేసినట్టు రుజువు లేకపోతే ఈ మాట ఉండీ ఉపయోగం లేదు.

ఫ్యాక్టరీ కార్మికులకి 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక చట్టం (లేబర్ కోడ్) వచ్చింది, 240కి బదులు 180 రోజులు చేస్తే చాలు, 20 పనిదినాలకి ఒక లీవు. అడిగినా ఇవ్వని లీవు పరిమితి లేకుండా వచ్చే ఏడాదికి జమవుతుంది. ఇక్కడ కూడా అడగడమే ముఖ్యం. ఈఎస్ఐ (జీతంలోంచి చందా కట్టే ఉద్యోగుల బీమా) ఉన్నవాళ్ళు జబ్బు చేస్తే లాస్ ఆఫ్ పే, అంటే జీతం లేని సెలవు పెట్టించుకోకండి, చందా కట్టిన రోజులు సరిపడా ఉంటే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది, డిస్పెన్సరీ డాక్టర్ ఇచ్చే సర్టిఫికెట్ కావాలి.

ఇక మా లోకం, కాలేజీలు. "మీకేంటండీ, వేసవి సెలవులు" అని బంధువులంతా అంటారు. ఆ వేసవి స్పాట్ వాల్యుయేషన్‌లో, అడ్మిషన్ల పనిలో, కాలేజీకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ ఫైళ్ళలో ఎలా కరిగిపోతుందో చేసేవాళ్ళకే తెలుసు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పర్మనెంట్ అధ్యాపకులకి సీఎల్ (క్యాజువల్ లీవు) 8, స్పెషల్ సీఎల్ 10, సెమినార్ల లాంటి వాటికి డ్యూటీ లీవు 30 రోజుల దాకా ఉన్నాయి. వీటికన్నా ఎక్కువమంది వదిలేసుకునేది ఇంకొకటి ఉంది, వెకేషన్‌లో మిమ్మల్ని పనిలో ఉంచితే ఆ రోజుల్లో మూడో వంతు ఈఎల్‌గా (ఎర్న్‌డ్ లీవుగా) జమ కావాలి, అంటే 30 రోజులు పనిచేస్తే 10 ఈఎల్‌లు. కానీ ప్రిన్సిపల్ నోటితో "మేడమ్, రేపు రండి" అంటే అది జమ కాదు, తేదీలతో డ్యూటీ ఆర్డర్ కావాలి, ఆ ఆర్డర్ మీ సర్వీస్ రిజిస్టర్‌లో ఎక్కాలి. వేసవి అయిపోయాక అడిగితే దొరకడం కష్టం, మొదటి రోజే అడగండి. ప్రభుత్వ బడుల్లో టీచర్లకి ఏడాదికి ఈఎల్‌లు 6 మాత్రమే కాబట్టి సెలవుల్లో పనికి ఆర్డర్ తీసుకోవడం వాళ్ళకి మరీ అవసరం.

గంటల లెక్కన చేసే గెస్ట్ లెక్చరర్లకి ఇవేవీ లేవు, క్లాసు లేని రోజు జీతం లేదు, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. చేరేముందే ఒక్క ప్రశ్న అడగండి: జీతం పది నెలలకా, పన్నెండు నెలలకా? స్టడీ అవర్లు, ఆదివారం పరీక్షలు ఉండే ఇంటర్ కాలేజీల్లో అయితే వీక్ ఆఫ్ ఏ రోజు అన్నది ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి.

పీహెచ్‌డీ స్కాలర్లు ఈ పేరా తప్పకుండా చదవండి. నాకు ఈ రూల్ ఉందని తెలిసేసరికి మూడో ఏడాది వచ్చింది, అప్పటిదాకా పండక్కి రెండ్రోజులు వెళ్ళడానికి కూడా గైడ్ ముందు తప్పు చేసినట్టు నిలబడేదాన్ని. యూజీసీ జూనియర్, సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్, ఎస్ఆర్ఎఫ్) వాళ్ళకి పబ్లిక్ హాలిడేలు కాక ఏడాదికి 30 రోజుల సెలవు ఉంది. వేసవి, దసరా లాంటి వెకేషన్లు మాత్రం మనకు వర్తించవు, అందుకే ఆ 30 వదులుకోకూడదు. ఆడపిల్లలకి మొత్తం పీహెచ్‌డీ కాలంలో 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు వేరే ఉంది. గైడ్‌కి రాసేటప్పుడు కారణాల కథ వద్దు, "12 నుంచి 17 దాకా సెలవు కావాలి, చాప్టర్ డ్రాఫ్ట్ 10కి పంపుతాను, 18న ల్యాబ్‌లో ఉంటాను" అని తేదీలు రాయండి, డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి కాపీ పెట్టండి. బతిమాలినట్టు రాస్తే ఆలోచిద్దాం అంటారు, తేదీలతో రాస్తే ఎక్కువసార్లు సరే అంటారు, ఇది నా అనుభవం.

విదేశాల్లో ఉన్నవాళ్ళకి రెండు మాటలు. అమెరికాలో జీతంతో సెలవు ఇచ్చి తీరాలన్న ఫెడరల్ చట్టమే లేదు, ఆఫర్ లెటర్‌లో ఉన్నదే దిక్కు, కాబట్టి జీతంతో పాటు లీవుల మీద కూడా సంతకానికి ముందే బేరమాడండి. బ్రిటన్‌లో వారానికి ఐదు రోజులు చేసేవాళ్ళకి 28 రోజులు చట్టం ఇస్తుంది, అయితే బ్యాంక్ హాలిడేలు అందులోనే కలిపేయొచ్చు, అడిగి తెలుసుకోండి.

లీవు దొరికాక పని ఎవరు చూస్తారో ఒక మెయిల్‌లో రాసి, ఆఫీసు వాట్సాప్ గ్రూపుని మ్యూట్‌లో పెట్టండి. ఊళ్ళో కూర్చుని రోజుకి మూడు కాల్స్ ఎత్తితే అది సెలవు కాదు, మీ లీవు ఖర్చయిపోయింది, పనీ జరిగిపోయింది. తప్పనిసరై ఒక పూట పనిచేస్తే ఆ సాయంత్రమే "ఈరోజు పనిచేశాను, బదులు సెలవు (కాంప్ ఆఫ్) ఇవ్వండి" అని రాయండి.

ఉద్యోగం మారుతుంటే రాజీనామా పెట్టే ముందు రోజే లీవు బ్యాలెన్స్ పేజీ, తిరస్కరించిన అప్లికేషన్లు, చివరి మూడు పేస్లిప్‌లు మీ సొంత మెయిల్‌కి దించుకోండి. రిలీవింగ్ రోజున లాగిన్ పోతుంది, రావాల్సిన డబ్బుల ఫుల్ అండ్ ఫైనల్ లెక్క ఆ తర్వాతే వస్తుంది.